కాలు దాచుకున్న ఆటగాడికి నేను వేసిన మార్కు

నా చివరి ఉద్యోగం ఏమిటని అడిగితే, రంగూన్‌లో కూర్చుని అమెరికా కుర్రాళ్లకి మార్కులు వేసేవాణ్ని అని చెబుతాను. వినేవాళ్లు నేను బడిపంతులుగా చేశాననుకుంటారు. కాదని విడమర్చి చెప్పడానికి ఈ మధ్య ఓపిక ఉండడం లేదు. మీలో ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో కుదురుకుంటున్నవాళ్లు ఉంటారు కాబట్టి ఒక్కసారి మొత్తం రాసి పెడుతున్నాను. ఎవరి పేరూ రాయను. కొంతమంది ఇంకా అక్కడే ఉన్నారు.

మా తాత అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. మా నాన్న అదే రేవులో ఒక రైసుమిల్లు గుమాస్తా. నేను కలం పట్టుకున్నాను, అదీ ఎర్రకలం. ఒక ఇంగ్లీషు వారపత్రికలో ఆటల పేజీకి ప్రూఫులు దిద్దేవాణ్ని. ఫుట్‌బాల్ స్కోర్లు తలకిందులైతే పట్టుకోవడం, ఒకడు కొట్టిన గోలు ఇంకొకడి ఖాతాలో పడితే సరిచెయ్యడం. అలా ఇరవై ఏళ్లు పైగా గడిచాక పత్రిక మూతపడింది. ఇంటిపట్టున ఉంటే ఒకరోజు ఊళ్లోనే ఉన్న సంచౌంగ్ పేట నుంచి ఫోనొచ్చింది. సింగపూర్‌లో చదివి వచ్చిన ఒక బర్మా కుర్రాడు అక్కడ చిన్న ఆఫీసు పెట్టాడు. ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాసే పెద్దమనిషి కావాలట, ఆటలు తెలిసినవాడైతే మరీ మంచిదట.

నాకు తెలిసింది కాలితో తన్నే ఫుట్‌బాల్. వాళ్లది అమెరికా ఫుట్‌బాల్. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు, ఎదుటి జట్టువాళ్లు మీదపడి కూలదోస్తారు. అలా బంతి పట్టుకుని పరిగెత్తడమే పనిగా ఉన్నవాణ్ని రన్నింగ్ బ్యాక్ అంటారు. ఆ దేశంలో ఈ ఆట చూసేవాళ్లు ఇంకో ఆట కూడా ఆడతారు. ఇంట్లో కూర్చుని, నిజం ఆటగాళ్లలోంచి ఏరుకుని ఒక ఊహాజట్టు కట్టుకుంటారు. తాము ఎంచుకున్నవాడు నిజం మైదానంలో ఎంత దూరం పరిగెడితే వీళ్లకి అన్ని పాయింట్లు. వాడు కూలబడితే వీళ్లూ కూలబడినట్టే. అందుకని కాలేజీ ముగించి ఆ ఏడాదే పెద్ద లీగులోకి అడుగుపెడుతున్న కొత్త కుర్రాళ్లలో ఎవడు పరిగెత్తుతాడు, ఎవడు చతికిలబడతాడు అని ముందే చెప్పేవాళ్లకి అక్కడ గిరాకీ. అలా చెప్పే ఒక సంస్థకి మా సంచౌంగ్ ఆఫీసు వెనకనుండి చాకిరీ చేసేది.

మేం పదకొండుమందిమి. మూడో అంతస్తు, కింద టీకొట్టు. కుర్రాళ్లూ ఆడపిల్లలూ కాలేజీ ఆటల వీడియోలు చూస్తూ ప్రతి పరుగూ గుర్తుపెట్టేవారు. ఎటు తిరిగాడు, ఎవడు పట్టుకున్నాడు, ఎలా పడ్డాడు. వాళ్లు నింపిన పట్టికలు చూసి నేను రెండు పేజీల రిపోర్టు రాసి చివర నూటికి ఇంత అని మార్కు వేసేవాణ్ని. ఆ మార్కు కోసమే అమెరికా ఎదురుచూసేది. పైరెండు పేజీలూ ఎవరైనా చదివారో లేదో నాకు అనుమానమే.

మొదటి ఏడాదే ఒక ఘనకార్యం చేశాను. కొండంత పరుగులు తీసిన ఒకణ్ని ఆకాశానికెత్తి రాశాను. వాడు ఏడాది పొడుగునా మైదానం బయట బల్ల మీద కూర్చున్నాడు. బంతి తన చేతిలో లేనప్పుడు ఎదురొచ్చేవాణ్ని అడ్డుకోవడం కూడా రన్నింగ్ బ్యాక్ పనే. అది రానివాణ్ని శిక్షకుడు మైదానంలోకి దింపడు. దింపకపోతే పరుగూ లేదు, పాయింటూ లేదు. ఆ సంగతి పట్టికలో ఉంది. నేను చూడలేదు. ఎత్తిచూపింది మా ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క తెలుగుపిల్ల. "సయా, ఈడు అడ్డు నిలబడ్డం నేర్చుకోనేదు. నాను రాసినాను గదా, నువ్వు సదవనేదేటి?" అంది. అందరి ముందూ బర్మావాళ్ల తీరున సయా, అంటే మాస్టారూ, అనేది. మేమిద్దరమే ఉంటే మావయ్యా అనేది.

ఆమెకి అప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి. వాళ్ల నాన్న అహ్లోన్ రేవులో క్రేను నడిపేవాడు. మాలాగే వాళ్లదీ శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో ఓడెక్కిన కుటుంబమే. ఆయన నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, రేవు చుట్టరికం. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతూ మధ్యలో బర్మాలోకి జారిపోయేది, కోపమొస్తే మాత్రం అచ్చం వాళ్ల నాయనమ్మలా తెలుగులోనే మాట్లాడేది. వీడియో చూడడంలో ఆమెకి సాటి లేరు. మిగతావాళ్లు బంతిని చూసేవారు. ఆమె మనిషిని చూసేది.

ఇక నా చివరి ఏడాది సంగతి. అంతకుముందు ఏడాదంతా జబ్బు భయంతో తలుపులు మూసుకుని బతికాం. తలుపులు తెరుద్దామనుకునేసరికి సైన్యం ప్రభుత్వాన్ని పట్టుకుంది. జనం వీధుల్లోకి వచ్చారు. సంచౌంగ్‌లో వీధి వీధికీ ఇసకబస్తాలూ, చెత్తడబ్బాలూ, వెదుళ్లూ అడ్డం పేర్చారు. ఆడవాళ్ల తమెయిన్‌లు, అంటే వాళ్లు కట్టుకునే లుంగీలు, వీధికి అడ్డంగా తాళ్లమీద ఆరేశారు. వాటి కింద నడిస్తే మగతనం పోతుందని సైనికులు జంకుతారని. నేను మొదటిరోజు ఆ తాళ్ల దగ్గర ఆగి, చుట్టూ చూసి, కిందనుంచి దూరి ఆఫీసుకి పోయాను. అరవై దాటినవాడికి పోయేదేముంది.

కొత్త ఆటగాళ్ల ఎంపిక ముంచుకొచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. అమెరికాలో అది పండగ. ఇక్కడ మొదట రాత్రిళ్లు ఇంటర్నెట్ ఆపారు, తరవాత ఫోన్లలో ఆపేశారు. మా ఆఫీసుకి తీగ కనెక్షన్ ఉండబట్టి పగలు పని సాగేది. పదకొండుమందిలో కొందరు సమ్మెల్లోకి వెళ్లిపోయారు, కొందర్ని అమ్మానాన్నలు ఊళ్లకి పిలిపించుకున్నారు. చివరికి ఆఫీసు పెట్టిన ఆ మేనేజరు కుర్రాడూ, నేనూ, ఆ పిల్లా మిగిలాం. ఆమె పొద్దున ఊరేగింపుకి పోయి మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చేది. వాళ్ల నాన్న రేవు సమ్మెలో ఉన్నాడు. ఇంటికి జీతం తెస్తున్నది ఆమె ఒక్కతే. అమెరికా సంస్థలో మా పని చూసే ఎడిటరుకి మేనేజరు ఇవేవీ చెప్పలేదు. "లైన్లు బాగాలేవు" అని మాత్రం చెప్పాడు. ఆయన "తుపానా?" అని అడిగాడు. మేనేజరు అవునన్నాడు.

ఆ ఎడిటరు ఆ ఏడాది ఒక కుర్రాడి మీద మనసు పారేసుకున్నాడు. చిన్న కాలేజీ, ఎవరికీ తెలియనివాడు, పాదరసంలా జారిపోతాడు. "ఈ ఏడు మన ముత్యం వీడే, అందరికంటే ముందు మనమే చెప్పాలి" అని రాశాడు. వాడి ఆటలన్నీ ఆ పిల్లకి అప్పగించాను. వారంలో పట్టిక నింపి ఇచ్చింది. అన్నీ మెరిసిపోయే అంకెలు. నేను రిపోర్టు మొదలెట్టబోతుంటే, "కిందకి టీకి పోదాం మావయ్యా" అంది.

టీకొట్టులో సగం బల్లలు ఎత్తేసి ఉన్నాయి. చిన్న పీటల మీద కూర్చున్నాం. కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"ఈడు కాలు దాత్తన్నాడు మావయ్యా."

"ఎవరు?"

"మన ముత్యం. ఎడంకాలు. ముందు ఆటల్లో రెండేపులా తిరిగీవోడు. సగం నుంచి కుడికాలు తన్నిపెట్టే తిరుగుతన్నాడు. ఎడంకాలు మీద బరువు ఎయ్యవలసొత్తే, తిరక్కుండా తిన్నగా గుద్దీసుకుని పోతన్నాడు. జనం దాన్నే మొగతనం అనుకుంటన్నారు."

"నీకెలా తెలిసింది?"

"ఆట ఆగినప్పుడల్లా కుడిబూటు తాడు బిగించుకుంటన్నాడు. బాగున్న కాలు మీద చూపు పడాలని. మా నాన్న అలాగే సేసీవోడు. క్రేను మీంచి పడ్డాక ఆరు నెలలు. మేస్త్రీ కనపడితే సాలు, మంచి మోకాలు గోక్కునీవోడు. నొప్పి రెండోదాన్లో."

నాకు ఒళ్లు జలదరించింది. భయంతో కాదు, సంతోషంతో. ప్రూఫులు దిద్దేవాడికి, అందరి కళ్లూ తప్పించుకున్న తప్పు దొరికితే కలిగే సంతోషం. "మరి పట్టికలో రాయలేదేం?" అన్నాను.

"రాయను."

"అదేమిటమ్మా?"

"రాత్తే ఆడికి మార్కు పడిపోద్ది. నలుగురూ ఇంటారు. ఆడి పనీ పోద్ది."

"మనం చెప్పేది ఊహాజట్లు కట్టుకునేవాళ్లకే. నిజం జట్లు మన మాట వినవు."

"ఆ సంగతి నీకు రూఢీగా తెలుసేటి?"

తెలియదు. "మన మాట నమ్మినవాళ్లకి నిజం చెప్పొద్దా?" అన్నాను.

"ఆళ్లు బొమ్మలాట ఆడుకుంటన్నారు మావయ్యా. ఈడు పొట్టకూడు కోసం పరిగెడతన్నాడు." కప్పు కింద పెట్టింది. "మా ఈదిలో గోడ మీద రాసీసినారు, ఎవులెవులు దలాన్లో. సముద్రం అవతలోడి మీద మనఁవూ దలాన్లం అవుదుమా?"

దలాన్ అంటే బర్మా మాటలో ఆచూకీ చెప్పేవాడు. ఆ రోజుల్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే పైకి వెళ్లి ఎడిటరుకి రెండు వాక్యాలు రాసి పంపాను. ఈ కుర్రాడి ఎడమకాలులో ఏదో లోపం ఉంది, దాస్తున్నాడు అని. వెంటనే జవాబొచ్చింది. రుజువు చూపించు, వీడియో ముక్కలు కత్తిరించి పంపు, లేదా మార్కు పెంచి పంపు. మంగళవారం గడువు.

ఆ ముక్కలు ఏ ఆటలో ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఆ పిల్లకే తెలుసు. మర్నాడు ఆమె రాలేదు. సోమవారం ఉదయం ఫోన్ చేశాను.

"నాను రాయనేదు గదా, నువ్వెందుకు సెప్పినావు?" అంది.

"చెప్పడం అయిపోయింది. ఇప్పుడు రుజువు ఇవ్వకపోతే నేను అబద్ధాలకోరుని అవుతాను. రెండు గంటల పని, వచ్చి వెళ్లిపో."

"సంచౌంగ్ ఈ రోజు బాగునేదు మావయ్యా."

"నేను అహ్లోన్ నుంచి నడిచే వచ్చాను. బాగానే ఉంది."

 చివరికి "వత్తాను" అంది.

మధ్యాహ్నానికి వచ్చింది. చెంపలకి పూసుకున్న తనాఖా గంధం చెమటకి చారలు కట్టింది. భుజాన గుడ్డసంచి, అందులోంచి పసుప్పచ్చ హెల్మెట్ అంచు కనిపిస్తోంది. రేవులో వాళ్ల నాన్న పెట్టుకునేది. ఊరేగింపుల్లో పిల్లలందరూ అలాంటివే పెట్టుకుంటున్నారు. రంగూన్‌లో మోటారుసైకిళ్లు నిషేధం, హెల్మెట్‌కి వేరే సాకు లేదు. ఇదంతా నాకు తెలుసు. ఆమె సంచిని బల్లకిందకి తోస్తుంటే చూశాను. ఏమీ అనలేదు. నా దృష్టి అంతా ముక్కల మీదే.

పని మొదలెట్టింది.  ఒక్కో ఆటా తెరిచి, ఒక్కో పరుగూ ఆపి, మెల్లగా నడిపించి, చూపుడువేలితో తెర మీద ఎడమ పాదం చూపించేది. చూపిస్తే నాకూ కనబడింది. ఆ పాదం నేలకి తాకిన క్షణంలో కుర్రాడి మొహం ఎటో వెళ్లిపోయేది, మళ్లీ వచ్చేది. ఒక ముక్కలో అయితే ఆట ముగిశాక అందరూ ఎగిరి దూకుతుంటే వాడు కూడా ఎగిరాడు, ఒంటికాలి మీద. ఎవరూ గమనించలేదు. సంబరం అనుకున్నారు.

మేనేజరు ఏదో పని మీద బయటికి వెళ్లాడు. కాసేపటికి వీధి మొగలో ఢామ్మని పేలింది. ఇంకోటి. టీకొట్టు షట్టరు దబ్బున పడింది. టీకొట్టావిడ మెట్లెక్కి వచ్చి, "లోపలికి వచ్చేశారు, వెనక మెట్లనుంచి పొండి, పక్కింటి డాబా మీదకి దారుంది" అని చెప్పి దిగిపోయింది.

ఆ పిల్ల నావైపు చూసింది.

"ఇది ఆఫీసు. మూడో అంతస్తుకి ఎందుకొస్తారు? దీపాలు ఆర్పి కూర్చుందాం. ఇంకా రెండే ముక్కలున్నాయి కదా" అన్నాను.

ఈ మాట నేను చాలాసార్లు నాలో నేను అనుకుని చూశాను. ఎలా అన్నా మారదు.

వచ్చారు. నలుగురు సైనికులూ, ఒక ఆఫీసరూ. ఆఫీసరు చిన్నవాడు, నన్ను మర్యాదగా ఊలే అన్నాడు, బాబాయ్ అన్నట్టు. గుర్తింపు కార్డులు అడిగాడు, ఇచ్చాం. తెర మీద ఆగిపోయి ఉన్న ఆటగాణ్ని చూసి ఇదేమిటన్నాడు. అమెరికా ఫుట్‌బాల్ అన్నాను. "ఎవరు గెలుస్తారు?" అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టున్నాడు. నేను జవాబు వెతుక్కుంటుంటే ఒక సైనికుడు బల్లకింద నుంచి సంచి లాగాడు. హెల్మెట్, కన్నీటిపొగకి కాచుకునే ఈతకొలను కళ్లద్దాలు, తడిగుడ్డ ఉన్న ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టాడు.

"ఇది ఎవరిది?"

గదిలో ఉన్నది ఇద్దరం.

"నాది కాదు" అన్నాను.

అంతే అన్నాను. అబద్ధం కాదు. నేను అహ్లోన్ రేవు మనిషిని, మా ఇంటి చుట్టూ అందరూ రేవు కూలీలే. "నాదే, పక్కింటి క్రేను డ్రైవరు ఇచ్చాడు, పైకప్పు పెచ్చులూడిపడుతుంటే పెట్టుకుంటున్నాను" అంటే ముసలాణ్ని రెండు తన్ని వదిలేసేవారేమో. వదలకపోయేవారేమో. ఇవన్నీ మెట్లమీద వాళ్ల బూట్ల చప్పుడు తగ్గిపోతుండగా తట్టాయి. అడిగినప్పుడు మాత్రం, తప్పు కనబడగానే ఎర్రకలం దానంతటదే కదిలినట్టు, నోరు దానంతటదే కదిలింది.

ఆఫీసరు నా మొహం చూసి, తరవాత ఆమె మొహం చూశాడు. ఆమె కంప్యూటర్లో చేస్తున్న పని సేవ్ చేసి, చెప్పులు తొడుక్కుని లేచింది. నావైపు చూడలేదు.

సాయంత్రం సైనికులు వీధి వదిలాక అహ్లోన్ వెళ్లి వాళ్ల నాన్నకి చెప్పాను. "ఆఫీసు నుంచి తీసుకుపోయారు బావా" అన్నాను. ఎందుకు, ఏం దొరికింది అని అడగలేదు. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు, వేసుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. వాళ్ల అమ్మ గోడకి ఆనుకుని నన్నే చూస్తోంది. నేను అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మర్నాడు మంగళవారం. ఇంటర్నెట్ తెరిచే వేళకి ఆఫీసుకి వెళ్లాను. మేనేజరు తల వంచుకుని కూర్చున్నాడు. "ఇవాళ కూడా పంపకపోతే ఒప్పందం పోతుంది సయా" అన్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాను. ముక్కలన్నీ ఉన్నాయి, ఒక్కటే తక్కువ. ప్రతిదానికీ పక్కన చిన్న ఇంగ్లీషులో రాసి పెట్టింది, ఎన్నో సెకనులో ఎడమ పాదం చూడాలో. ఇష్టం లేని పనిని కూడా అంత శుభ్రంగా చేసింది.

నేను ఆ ఫైలు చెరిపేశాను. రిపోర్టు రాశాను. పాదరసం, ధైర్యం, తిన్నగా దూసుకుపోయే గుణం, ఎడిటరుకి ఇష్టమైన మాటలన్నీ వాడాను. ఎడమకాలి గురించి నా అనుమానం పొరపాటని రాశాను. చివర నూటికి తొంభై రెండు వేశాను. అప్పటికి ఎవరికీ అంత వెయ్యలేదు. ఉద్యోగంలో తెలిసి రాసిన అబద్ధం నాకు అదొక్కటే. ఆమె కోరింది చేస్తున్నాననుకున్నాను. మేనేజరు చదివి కళ్లు తుడుచుకున్నాడు, ఒప్పందం నిలబడిందని.

ఆ తరవాత వారాల తరబడి ఆ పిల్ల తండ్రీ నేనూ స్టేషన్ గేటు ముందు, పిదప జైలు గేటు ముందు నిలబడ్డాం. అన్నం పొట్లం లోపలికి తీసుకుంటే మనిషి అక్కడ ఉన్నట్టు. తీసుకోకపోతే లేనట్టు. ఎనిమిదోరోజు తీసుకున్నారు. ఆయన నా భుజం పట్టుకుని ఏడ్చాడు. "నువ్వున్నావు గనక నిలబడ్డాను బావా" అన్నాడు. ఆ మాట నాకు ఎలా ఉండిందో రాయడం చేతకాదు.

కాలు దాచుకున్న ఆ కుర్రాణ్ని పెద్ద లీగులో ఒక జట్టు తీసుకుంది. మా మాట విని ఊహాజట్లవాళ్లు ఎగబడి ఎంచుకున్నారు. అసలు పోటీలు ఇంకా మొదలు కాకుండానే, ఒక సాధన ఆటలో, చుట్టుపక్కల ఎవడూ లేనిచోట, తిరగబోయి కూలబడ్డాడు. ఎడమ పాదం. స్ట్రెచరు మీద తీసుకుపోతుంటే చెయ్యి ఊపాడు. ఆ వీడియో నేను ఒకసారే చూశాను. తరవాత వాడు మైదానంలో కనిపించలేదు. ఎడిటరు నాకు సొంతంగా ఉత్తరం రాశాడు. మొదట నువ్వే చెప్పావు, మళ్లీ నువ్వే కాదన్నావు, ఎందుకు? జవాబు రాయలేదు. ఏం రాయను? ఒప్పందం రద్దయింది. ఆఫీసు మూసేశారు. నేను అలా రిటైరయ్యాను. అప్పుడే నిజం రాసి ఉంటే ఎవరైనా డాక్టరు ఆ పాదం చూసేవాడా, లేక ఆ పిల్ల భయపడినట్టు వాణ్ని ఎవరూ తీసుకునేవారే కాదా, నాకు ఇప్పటికీ తెలియదు. ఒకరోజు నిజం చెప్పి ఒకరిని ముంచాను, మర్నాడు అబద్ధం రాసి ఇంకొకరిని ముంచాను. మీరు నన్ను సలహా అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఇంతే.

ఆమెని కొన్ని నెలల తరవాత ఒక గుంపుతో కలిపి వదిలేశారు. వీధిలో తమ మీద కన్ను ఉందని ఆమె కుటుంబం అప్పటికే నది అవతల ట్వంటే ఊరికి వెళ్లిపోయింది. అక్కడ కుండలు చేసేవాళ్ల పాకలో ఆమెకి పని దొరికింది. నేను వెంటనే వెళ్లలేదు. వెళ్లాలనుకున్న ప్రతిసారీ వాన అడ్డమొచ్చేది, లేదా నేను అడ్డం తెచ్చుకునేవాణ్ని. ఆమె తండ్రి నిరుడు కాలం చేశాడు. అందుకే ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను.

ఆయన బతికుండగా ఒక్కసారి మాత్రం పడవలో నది దాటి, బస్సెక్కి వెళ్లాను. పాక లోపల చల్లగా, తడిమట్టి వాసనగా ఉంది. ఆమె చిన్న పీట మీద కూర్చుని పచ్చికుండల అంచులు తడిగుడ్డతో నున్నగా తుడుస్తోంది. చిక్కిపోయింది. ముందుపళ్లలో ఒకటి లేదు. నన్ను చూసి ఇంకో పీట జరిపింది.

"అమ్మా, ఆ రోజు నేను..."

"ఇన్నాను గదా మావయ్యా. పక్కనే ఉన్నాను." కుండ తిప్పింది. "నానూ నోరు తెరిసినాను. నాదేనని సెప్పీద్దునే. నువ్వు ముందనీసినావు."

ఆమె జరిపిన పీట మీద కూర్చున్నాను.

"లోపల అందరూ అదే అడుగుతారు. నిన్ను పట్టించింది ఎవులని. కొత్తగా వొచ్చినోళ్లని కూకోబెట్టి అడుగుతారు. నన్ను ఎవులూ పట్టించనేదు, నాదేనని నానే సెప్పీసినాను అన్నాను. బయటికొచ్చాక నాన్నకీ అదే సెప్పినాను."

"నా కోసం అబద్ధం..."

"నీ కోసం కాదు." మొదటిసారి తలెత్తి చూసింది. "ఆ టోపీ ఆయనది. దాన్ని నాదని గట్టిగా సెప్పినానంటే ఆయనకి బాగుంటది. సమ్మె సేసి పని పోగొట్టుకున్న మనిషి. ఆయనకి ఇంకేటి మిగిలింది?"

అంతలో ఆయన వచ్చాడు. కర్ర పట్టుకుని, కుంటుతూ. ఇప్పుడు దాచుకోవడానికి మేస్త్రీ లేడు. నన్ను చూసి పొంగిపోయాడు. టీ తెప్పించాడు. నా పక్కన కూర్చుని, మోకాలి మీద చెయ్యివేశాడు.

"బావా, నువ్వు ఎదురుగానే ఉన్నావంట గదా. ఇది సరిగ్గా సెప్పదు, రెండు ముక్కల్లో తేల్చీసుద్ది. ఆడు ఈ టోపీ ఎవులిదని అడిగితే మా పిల్ల ఎలగంది? గట్టిగా అందా?"

నేను ఆమెవైపు చూశాను. ఆమె తలెత్తలేదు. గుడ్డ నీళ్లలో ముంచి పిండింది.

"గట్టిగానే అంది బావా. లేచి నిలబడి అంది."

"ఏటంది?"

"ఇది నాదే అంది."

ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు. "మళ్లీ సెప్పు" అన్నాడు. మొదట్నుంచీ మళ్లీ చెప్పాను. ఆ రెండోసారి, ఆమె అలా అనగానే ఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడని కూడా కలిపాను.